మొక్కులు చేరవేసే మనిషి

ముసలి మర్తో గుట్ట మీద చాప పరుచుకుని కూర్చోవడం మొదలుపెట్టి నలభై ఒక్క ఏళ్లయింది. మెట్లన్నీ ఎక్కి ఆయాసపడుతూ వచ్చినవాళ్లకి ముందు పెంకుల మండపం కనిపిస్తుంది. మండపం చివర టేకు తలుపు, ఆ తలుపు వెనక గుట్ట పెద్దాయన సమాధి. తలుపుకి ఎప్పుడూ తాళం ఉంటుంది. తాళంచెవి మర్తో నడుం పట్టీలో ఉంటుంది. అంతకుముందు అతని తండ్రి నడుం పట్టీలో ఉండేది, ఆ ముందు తాత నడుం పట్టీలో. వొనొగిరి చుట్టుపక్కల ఊళ్లలో తాళంచెవాయన అంటే చాలు, వేరే పేరు చెప్పనక్కర్లేదు.

సమాధిలో ఉన్న పెద్దాయన ఏ కాలంవాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఏదో రాజు మీద అలిగి వచ్చి ఈ గుట్టెక్కాడని కొందరంటారు. కాదు, రాజే ఇతని మీద అలిగి తరిమేశాడని ఇంకొందరు. మర్తోని అడిగితే, ఆయన చెప్పలేదు, నేను అడగలేదు అంటాడు.

వచ్చినవాళ్లు సరాసరి లోపలికి వెళ్లడానికి లేదు. గులాబీ, మల్లె, సంపెంగ కలిపిన పొట్లం, కాస్త సాంబ్రాణి పట్టుకొచ్చి ముందు మర్తో ఎదురుగా కూర్చోవాలి. ఎవరి కోసం మొక్కుతున్నారో వాళ్ల పేరు, తండ్రి పేరు, పుట్టినరోజు చెప్పాలి. పుట్టినరోజంటే తారీఖు కాదు; ఏ వారం, ఐదు రోజుల సంత లెక్కలో ఏ రోజు అన్న రెండూ కలిపి చెప్పాలి. ఆ తర్వాత మొక్కు చెప్పాలి. మర్తో అదంతా విని, తలుపు తీసి, లోపలికి వెళ్లి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, విన్నది విన్నట్టు పెద్దాయనకి చెబుతాడు. బయటికి వచ్చి "చేరింది" అంటాడు. అప్పుడే వాళ్లు లోపలికి వెళ్లి పూలు చల్లుకుంటారు.

తండ్రి అతనికి నేర్పినవి మూడే. విన్న మాటకి ఏమీ కలపకు, ఏమీ తియ్యకు. గుట్ట మీద విన్నది గుట్ట దించకు. మొక్కు తీరుతుందా లేదా అన్నది మన పని కాదు, అది మొక్కినవాళ్లకీ పెద్దాయనకీ మధ్య సంగతి.

ఈ లెక్కన మర్తో మోసినవి అన్నీ ఇన్నీ కావు. తప్పిపోయిన గేదెలు, పరీక్షలు, పిల్లలు, అత్తగారి నోరు. ఒకసారి కూడలిలో చారు కొట్టు పెట్టుకున్నవాడు వచ్చి, ఎదుటి కొట్టువాడి చారు రోజూ పులిసిపోవాలని మొక్కాడు. నాలుగు రోజులకి ఆ ఎదుటి కొట్టువాడే వచ్చి అదే మొక్కు తిరగేసి మొక్కాడు. మర్తో రెండూ మోశాడు. కిందికి దిగి రెండు కొట్లలోనూ చారు తాగి, రెండూ బాగున్నాయనే చెప్పాడు.

నవ్వులాటకి ఏమనుకున్నా, ఆ చాప మీద కూర్చున్నందుకు మర్తోకి లోపల కాస్త గర్వం ఉండేది. కాగితాలు చూసే పెద్దమనుషులు ఊళ్లో చాలామంది ఉన్నారు, మనుషుల్ని చూసేవాణ్ని నేనొక్కణ్నే అనుకునేవాడు. ఆ అనుకోవడం ఎంత వట్టిదో తెలియడానికి కూతురి పెళ్లి రావాల్సి వచ్చింది.

కూతురి పేరు రుమియాతి. ముప్పై ఆరేళ్లు. మొగుడు లారీ బోల్తాపడి పోయి తొమ్మిదేళ్లయింది, పిల్లల్లేరు. బతురెత్నొ సంతలో సోయా గింజలు పులియబెట్టి చేసిన తెంపే అచ్చులు అమ్ముతుంది. తెల్లవారుజామునే సంతకి వెళ్లి, పదింటికి తిరిగి వచ్చి, మధ్యాహ్నం తండ్రికి అన్నం మూట కట్టుకుని గుట్టెక్కుతుంది. ఈ తొమ్మిదేళ్లలో ఆమె గట్టిగా నవ్వగా మర్తో విన్నది లేదు. అలాంటిది ఈ మధ్య మెట్ల మీదే ఏదో కూనిరాగం వినిపిస్తోంది. జడ ముడిలోకి మల్లెలు వచ్చాయి. తెంపే కోసే కత్తి వేలికి తగిలి రక్తం వచ్చినా, చూసుకుని నవ్వేసి గుడ్డ చుట్టుకుంది. తండ్రి అది చూసి పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

కారణం పర్యాది. జకార్తాలో బండి మీద బక్సో, అంటే మాంసం ఉండల చారు, అమ్ముకునే మనిషి. ఈ వైపు వచ్చినప్పుడల్లా సంతలో రుమియాతి దగ్గరే తెంపే కొనేవాడు. ఒక మనిషి తినేదానికి మించి కొంటున్నాడని చుట్టుపక్కల బుట్టలవాళ్లు ఆమెని ఆటపట్టించేవాళ్లు. భార్య పోయిందని చెప్పాడు. మాట మెత్తన. మర్తో ఎదురుపడితే నడుం వంచి పక్కకి జరిగేవాడు. పెళ్లి మాట ఎత్తినప్పుడు, భార్య చనిపోయినట్టు రాసిన కాగితంతో సహా కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని మరీ వచ్చాడు.

ఆ కాగితాలు ఊళ్లో ఒక్కొక్క గుమ్మమే దాటాయి. అతనుండే చోట వీధి పెద్ద సంతకం ఉందని అక్కడి గ్రామ కార్యాలయంవాళ్లు ముద్ర వేశారు. ఆ ముద్ర ఉందని ఈ ఊరి కార్యాలయంవాళ్లు ఇంకో ముద్ర వేశారు. పెళ్లిళ్లు, చావులు చూసుకునే మొదిన్ సంసూరి రెండు ముద్రలూ వెలుతురుకి పెట్టి చూసి, కళ్లజోడు తీసేసి, నా వరకు ఏ అడ్డూ లేదు అన్నాడు.

"కాగితాలన్నీ బంగారంలా ఉన్నాయి అన్నయ్యా. ఇక రోజుల లెక్క చూడాల్సింది నువ్వే. నువ్వు సరేనంటే ఇక అడిగేవాడు లేడు."

మర్తో లెక్క చూశాడు. ఒక్కో వారానికీ ఒక్కో సంతరోజుకీ ఒక అంకె ఉంటుంది. రుమియాతి సోమవారం, సంత లెక్కలో లెగినాడు పుట్టింది, నాలుగూ ఐదూ తొమ్మిది. పర్యాది మంగళవారం పాహింగ్‌నాడు పుట్టాడు, మూడూ తొమ్మిదీ పన్నెండు. కలిపితే ఇరవై ఒకటి. వంక పెట్టడానికి లేని జోడీ. మర్తో ముఖం విప్పారింది. వచ్చే శుక్రవారం కాక ఆ పై శుక్రవారం అని ముహూర్తం కూడా తనే చెప్పాడు.

పెళ్లి ఇంకా తొమ్మిది రోజులుంది. అది బుధవారం. జనం గుట్టెక్కేది ఎక్కువగా గురువారం సాయంత్రాలే కాబట్టి ఆ పొద్దున్న మండపం ఖాళీగా ఉంది. మర్తో లవంగాల సిగరెట్టు వెలిగించుకుని, కుర్చీలు ఎన్ని తెప్పించాలా అని ఆలోచిస్తున్నాడు. మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడైంది.

నలభై దాటిన ఆడమనిషి. కాళ్లకి దుమ్ము, భుజం గుడ్డలో పూల పొట్లం. పుర్వొదాది నుంచి రెండు బస్సులు మారి వచ్చానంది. ఇంటింటికీ తిరిగి మూలికల కషాయాలు అమ్ముకుంటుందట, పేరు జువరియా. చెప్పుల్ని పైమెట్టు మీద వరసగా పెట్టి వచ్చి, చాపకి ఈవల మోకాళ్ల మీద కూర్చుంది. మర్తో మామూలుగానే అడిగాడు, మొక్కు ఎవరి కోసమని.

"మా ఇంటాయన కోసం తాతగారూ. పేరు పర్యాది. తండ్రి పేరు కసన్‌రెజొ. మంగళవారం పాహింగ్‌నాడు పుట్టాడు."

పర్యాది అన్న పేరు ఆ జిల్లాలో వెతికితే వందమందికి ఉంటుంది. మర్తోకి ముందు అదే తోచింది. తండ్రి పేరు విన్నాక అంత ధైర్యంగా తోచలేదు. పుట్టినరోజు వినగానే మూడూ తొమ్మిదీ పన్నెండు అని నోరు దానంతటదే లెక్క కట్టేసింది. అయినా చివరి ఆశగా, ఏం పని చేస్తాడమ్మా అని అడిగాడు. అది అడగాల్సిన ప్రశ్న కాదు. ఆమె చెప్పింది, జకార్తాలో బక్సో బండి అని.

కాగితం ప్రకారం చనిపోయిన మనిషి ఎదురుగా కూర్చుని భుజం గుడ్డతో మెడ తుడుచుకుంటోంది.

ఆమె తన పాటికి తను చెప్పుకుపోయింది. ఏడు నెలలుగా ఇంటికి రాలేదు. ఉత్తరం లేదు. బండ్లు తోసుకునే తోటివాళ్లని కనుక్కుంటే, వొనొగిరి వైపు ఎవరో ఆమెతో సంబంధం కలిసిందన్నారు. ఎవరో ఏమిటో వాళ్లూ చెప్పలేకపోయారు. ఇద్దరు పిల్లలు, పెద్దవాడు నాన్న ఎప్పుడొస్తాడని అడగడం మానేశాడు.

మర్తో వింటూనే ఉన్నాడు కానీ, అతని కళ్ల ముందు కూతురి జడలోని మల్లెలే ఉన్నాయి. తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన కూనిరాగం. ఈ మొక్కు లోపలికి వెళితే ఆ కూనిరాగం ఆగిపోతుంది. మొక్కు తీరుతుందో లేదో మన పని కాదని నలభై ఏళ్లు అన్న మనిషే, ఇప్పుడు తీరితే ఎలా అని భయపడ్డాడు.

"ఇవాళ రోజు కుదరదమ్మా" అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. మర్తో ముఖం కిందికి దించుకుని, మీ ఆయన రోజుకీ ఇవాళ్టి రోజుకీ పడదు, శుక్రవారం లెగినాడు రండి అని చెప్పాడు. శుక్రవారం లెగి అంటే ఇంకా పదహారు రోజులు. ఆ సరికి పెళ్లయి వారమవుతుంది. నలభై ఒక్క ఏళ్లలో రోజుల లెక్కతో అతనాడిన మొదటి అబద్ధం అది. ఆడుతున్నంతసేపూ నాలుక తడబడలేదు, అదే అతనికి ఆశ్చర్యంగా ఉంది.

ఆమె కాసేపు ఆలోచించి, సరే తాతగారూ, అయితే అప్పటిదాకా ఇక్కడే ఉంటాను అంది. మండపంలో పడుకుంటానంది. పదహారు రోజులూ ఉప్పూ కారం లేని తెల్లన్నం, మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనంది. అలా ఉపవాసం పట్టి గుట్ట మీద ఉండిపోవడం కొత్తేమీ కాదు, ఎంతోమంది ఉన్నారు. వాళ్లకి తెల్లన్నం వచ్చేది మర్తో ఇంటి నుంచే. తెచ్చేది రుమియాతి.

తను వేసిన గడియ తన చేతి మీదే పడింది. వద్దు, వెళ్లిపోండి అనడానికి మర్తోకి నోరు రాలేదు. అప్పటికే ఆమె మూలనున్న చీపురు అందుకుని, ఉండే చోటు కదా అంటూ మెట్ల మీద రాలిన ఆకులు ఊడవడం మొదలుపెట్టింది.

అతను కూర్చున్నచోటే కూర్చుని కిందామీదా పడ్డాడు. కిందికి దిగి కూతురికి చెప్పేస్తే? గుట్ట మీద విన్నది దించకూడదు. ఇవాళ కూతురి కోసం ఒక మాట దించితే, రేపు ఎవరు వచ్చి ఈ చాప మీద నోరు విప్పుతారు? పోనీ, లెక్క తప్పు చూశాను, జోడీ కుదరలేదు అని పెళ్లి ఆపేస్తే? రుమియాతికి రోజుల లెక్క తండ్రి కన్నా బాగా వచ్చు. చిన్నప్పుడు ఈ చాప పక్కనే గులకరాళ్లు పేర్చుకుని నేర్చుకుంది. అసలు ఏమీ చెప్పకుండా ఊరుకుంటే? మనసు ఎక్కువసేపు ఆ దగ్గరే తచ్చాడింది. ఊరుకుంటే పిల్ల నవ్వుతూ ఉంటుంది కదా, కొన్నాళ్లయినా.

సంసూరి మీద కోపం వచ్చింది. ముద్రల వాళ్ల మీద కోపం వచ్చింది. ఒక్కడైనా ఆ మనిషిని ఎదురుగా నిలబెట్టి, నీ భార్యని ఎక్కడ పాతిపెట్టారు, ఎవరు మోశారు అని అడిగాడా? ప్రతివాడూ తనకి ముందున్నవాడి ముద్ర చూసుకుని దారి వదిలాడు. అంతవరకూ తిట్టుకుని మర్తో ఆగిపోయాడు. చివరి గుమ్మం తనది. తనడిగింది మాత్రం ఏమిటి, వారమూ సంతరోజూ. ఇరవై ఒకటి వచ్చిందని మురిసిపోయి తనూ దారి వదిలాడు. అందరిలాగే తనూ కాగితమే చూశాడు, కాకపోతే తన కాగితం కంటికి కనబడదు.

మధ్యాహ్నం కూనిరాగం మెట్లెక్కి వచ్చింది. రుమియాతి అరిటాకు మూట దించి, ఊడ్చి ఉన్న మెట్లు చూసి, ఎవరొచ్చారు నాన్నా అంది. జువరియాని పలకరించింది, పుర్వొదాది నుంచా అక్కా, ఎంత దూరం అంది. తండ్రి కోసం తెచ్చిన మూటే విప్పి, పంచుకుందాం రమ్మంది. తెల్లన్నం తప్ప తిననని ఆమె చెప్పగానే రుమియాతి ఇంకేమీ అడగలేదు. అరిటాకులో అన్నానికి అంటిన మిరపకాయల పచ్చడీ తెంపే ముక్కలూ పక్కకి తీసి, అడుగున అంటని చోట అన్నం మెల్లగా ఏరి, వేరే ఆకులో పెట్టింది. ఒక్క ఎర్ర మిరపగింజ కనిపిస్తే గోటితో తీసేసి మరీ ఇచ్చింది.

మర్తో అది చూడలేకపోయాడు. ఒకరి కాపురం ఇంకొకరి చేతిలో ఉందని తెలియని ఇద్దరు ఆడవాళ్లు, ఒకే మూటలో అన్నం తింటున్నారు. తెలిసిన ఒక్కడూ నోరు మూసుకు కూర్చున్నాడు.

తింటూ తింటూ జువరియా మామూలుగానే చెప్పింది, శుక్రవారం లెగి దాకా ఉండాలని తాతగారు అన్నారని. రుమియాతి ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగింది.

"పదహారు రోజులా? ఇవాళ బుధవారం క్లివోన్ కదా నాన్నా. ఏడూ ఎనిమిదీ పదిహేను. శుక్రవారం లెగి అయితే పదకొండే, ఇదే కదా పెద్ద రోజు?"

మర్తో నడుం పట్టీలోని తాళంచెవి తడుముకున్నాడు.

"ఏ రోజు వాళ్లకి పడలేదు? ఎవరి లెక్క చూశావు?"

రుమియాతి నవ్వుతూనే అడుగుతోంది. తండ్రికి వయసు మీద పడి లెక్క తప్పిందనుకుంది. నాన్న గులకరాళ్లు పారేసుకున్నట్టున్నాడు అక్కా అని జువరియాతో వేళాకోళం కూడా ఆడింది. ఆ నవ్వు ముఖం చూస్తూ ఇంకో అబద్ధం ఆడటం మర్తో వల్ల కాలేదు. చెప్పడానికి లేదు. దాచడానికి మనసొప్పలేదు. అతను లేచి, చాప మీది నుంచి పక్కకి జరిగాడు.

"నువ్వు కూర్చోమ్మా. నువ్వే అడుగు."

"నేనా?"

"మాటలన్నీ నీకు వచ్చు. నేనివాళ ఆ చాప మీద కూర్చోతగను."

ఆ చివరి మాట అతను అనుకోకుండానే వచ్చింది. రుమియాతి తండ్రి ముఖంలోకి చూసింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నట్టుంది. చేయి కడుక్కుని వచ్చి, నడుముకి చుట్టుకున్న బట్ట అంచు సర్దుకుని, చాప మీద కూర్చుంది. తాళంచెవి ఆమె ఒళ్లో పెట్టి మర్తో స్తంభం దగ్గరికి పోయి, వాళ్లకి వీపు పెట్టి నిలబడ్డాడు.

వెనక నుంచి కూతురి గొంతు వినిపించింది, అచ్చం తను అడిగినట్టే. మొక్కు ఎవరి కోసం, పేరు, తండ్రి పేరు, పుట్టినరోజు. జువరియా గొంతు ఒక్కొక్కటే చెప్పింది.

ఆ తర్వాత ఏ గొంతూ వినిపించలేదు. గుట్ట వెనక టేకు తోటలో ఎవరో కొమ్మలు నరుకుతున్న చప్పుడు వస్తోంది. మర్తో ఆ దెబ్బలు వింటూ నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. కూతురు లేచి వెళ్లిపోతుందనుకున్నాడు. జువరియా జుట్టు పట్టుకుంటుందేమోనని కూడా అనుకున్నాడు, అలాంటి పిల్ల కాదని తెలిసినా.

"మొక్కేమిటో చెప్పండి" అంది రుమియాతి. మాట తడబడలేదు.

"ఆయన ఇంటికి రావాలి. అంతే. ఆ అమ్మాయెవరో నాకు తెలియదు, ఆమెకి చెడు జరగాలని నేను మొక్కను. నేను చచ్చిపోయాననే చెప్పి ఉంటాడు, ఇదివరకు ఒకచోట అలాగే చెప్పాడు. పాపం, ఆమె కూడా నమ్మే ఉంటుంది. ఆమె మనసు ఆయన మీద నుంచి మళ్లాలి. మళ్లాక ఆమెకి మంచి జరగాలి. ఇదంతా చెప్పొచ్చా, మరీ ఎక్కువైందా?"

"ఎక్కువేం కాదు. అంతా చెబుతాను."

తాళం తీసిన చప్పుడైంది. కాసేపటికి సాంబ్రాణి వాసన మండపంలోకి వచ్చింది. తలుపు ఓరగా వేసి ఉంది, లోపలి మాట సన్నగా బయటికి వస్తోంది. మర్తో చెవులు మూసుకోలేదు. పర్యాది, కసన్‌రెజొ కొడుకు, మంగళవారం పాహింగ్‌నాడు పుట్టినవాడు, ఇంటికి రావాలి. అక్కడిదాకా గొంతు సాఫీగా వచ్చింది. ఆ అమ్మాయెవరో తెలియదు అన్నచోట ఆగింది. ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. రుమియాతి మళ్లీ మొదటికి వెళ్లి, పేరు దగ్గర నుంచి ఎత్తుకుంది. ఈసారి ఆ అమ్మాయి నమ్మే ఉంటుందన్న మాట చెప్పింది, ఆమె మనసు మళ్లాలన్న మాట చెప్పింది, ఆమెకి మంచి జరగాలన్నది కూడా చెప్పింది. ఏమీ కలపలేదు, ఏమీ తియ్యలేదు. స్తంభం పట్టుకుని నిలబడిన ముసలాయన నోరు నొక్కుకుని ఏడ్చాడు.

రుమియాతి బయటికి వచ్చి "చేరింది" అంది. జువరియా లోపలికి వెళ్లి పూలు చల్లుకుని వచ్చింది. ముఖం తేటపడింది. ఇక ఉండనక్కర్లేదు అక్కా, నాలుగింటికి బస్సుంది, పిల్లలు ఒంటరిగా ఉంటారు అని రుమియాతే చెప్పి పంపించింది. జువరియా ఆమె రెండు చేతులూ పట్టుకుని, నీ కాపురం చల్లగా ఉండాలి చెల్లీ అంది. రుమియాతి తలూపింది. మెట్ల మలుపు దాకా వెంట వెళ్లి దిగబెట్టింది కూడా.

తిరిగి వచ్చి చాప మీద కూర్చోలేదు. పైమెట్టు మీద, తండ్రికి పక్కగా కూర్చుంది. జడలో మల్లెలు అలాగే ఉన్నాయి, తీసెయ్యాలని కూడా తోచినట్టు లేదు.

"ఆమె చెప్పింది నువ్వు నాకు చెప్పకూడదు, అది నాకు తెలుసు. దానికి నేనేం అనను. పదహారు రోజులని ఎందుకన్నావు?"

మర్తో ఏదో ఒకటి చెప్పి తప్పుకోవచ్చు. తప్పుకోవాలనిపించలేదు.

"ఆ సరికి నీ పెళ్లయిపోతుందని."

"అయిపోయాక ఆమె మళ్లీ వచ్చేది కదా."

"వచ్చేది. అప్పుడు లోపలికి వెళ్లి చెప్పేవాణ్ని."

"మరి నాకు చెప్పేవాడివా?"

కింద కూడలిలో బస్సు కూత పెట్టింది. మర్తో కూతురి వైపు చూడకుండా, చెప్పేవాణ్ని కాదు అన్నాడు. నువ్వు నవ్వుతున్నావని, అది పోగొట్టబుద్ధి కాలేదని అనబోయాడు. అది నిజమే. కానీ తన తప్పు తీసుకెళ్లి ఆమె నవ్వు మీద పెట్టినట్టవుతుందని ఊరుకున్నాడు.

రుమియాతి మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుంది.

"వాడి మీద రావాలి నాకు కోపం. వస్తుందిలే, సాయంత్రానికి వస్తుంది. ఇప్పుడు మాత్రం నీ మీదే వస్తోంది నాన్నా. వాడు బయటివాడు."

మర్తో తల ఊపాడు. ఆమె లేచి అరిటాకులు చుట్టి మూటలో పెట్టుకుంది. చీకటి పడకముందే మొదిన్ ఇంటికి వెళ్లి చెప్పాలి, కుర్చీలవాడికి కబురు పెట్టాలి, బియ్యం కొట్టువాడు ఇంకా బస్తాలు దించకపోతే ఆపాలి. అన్నీ తనకి తానే చెప్పుకున్నట్టు చెప్పింది. నేను కూడా రానా అని మర్తో అడిగితే వద్దంది.

"రేపటి నుంచి కొన్నాళ్లు అన్నం పైకి తేను. ఇంట్లో మూత పెట్టి ఉంచుతాను. దిగి వచ్చి తిను."

"సరే" అన్నాడు.

ఆమె మెట్లు దిగుతోంది, తొందరా లేదు, ఆగడమూ లేదు. మర్తోకి కూతుర్ని వెనక్కి పిలవాలనిపించింది. నోరు తెరిచాడు కూడా. నలభై ఒక్క ఏళ్లుగా ఊరందరి మాటలూ చేరవేసిన మనిషికి, సొంత కూతురితో చెప్పుకోవడానికి ఒక్క మాట దొరకలేదు. ఆమె మలుపు తిరిగిపోయింది.